గుర్రం చర్మంపై గడ్డలు: గుర్తించడం, చికిత్స చేయడం – విశాఖ తీరంలో గుర్రాలు పెంచేవారికి మార్గదర్శి

గుర్రం ఒంటి మీద గడ్డ కనిపించగానే చేతికందిన మందు రాసేయడం మనలో చాలామందికి అలవాటు. పశువుల మందుల దుకాణంలో అడిగితే ఏదో ఒక లేపనం ఇస్తారు, పక్క లాయం వాళ్లను అడిగితే వేపనూనె రాయమంటారు, పెద్దవాళ్లనడిగితే పసుపు, సున్నం అంటారు. వీటిలో కొన్ని నిరపాయమైనవే. అయితే చూడటానికి ఒకేలా ఉండే రెండు గడ్డలకు చికిత్సలు పూర్తిగా ఎదురెదురుగా ఉండవచ్చు. దద్దుర్లను తగ్గించే స్టెరాయిడ్ మందు తామరను మరింత పాకిస్తుంది. ఒక రకం గడ్డను కోసి తీసేస్తే తీరిపోతుంది, మరో రకాన్ని అరకొరగా కోస్తే ఇంతకు రెండింతలై తిరిగొస్తుంది. కాబట్టి గడ్డ పేరు తేలేవరకు దాని మీద ఏమీ రాయకపోవడమే మొదటి చికిత్స.

విశాఖపట్నంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. రామకృష్ణా బీచ్‌లో సవారీకి తిప్పే గుర్రాలు, పెళ్లి ఊరేగింపుల తెల్ల గుర్రాలు, స్వారీ నేర్పే చోట్ల ఉండే గుర్రాలు అన్నీ ఏడాదిలో ఎక్కువ కాలం తేమగాలిలోనే బతుకుతాయి. జీను కింద చెమట ఆరదు. ఇసుక, ఉప్పు వెంట్రుకల్లో పేరుకుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు చర్మాన్ని నానబెడతాయి, ఈగలను పెంచుతాయి. పొడి ప్రాంతాల గుర్రాలకు అరుదుగా వచ్చే చర్మవ్యాధులు ఇక్కడ వానాకాలం వస్తే మామూలైపోవడానికి కారణం ఇదే.

ముట్టుకునే ముందు: గ్లాండర్స్ కాదని తేల్చుకోవాలి

గడ్డను తడిమి చూడటానికి ముందు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ గుర్రాన్ని మిగతా వాటికి దూరంగా కట్టి, రెండడుగుల దూరం నుంచి ముక్కును, కాళ్లను గమనించాలి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు గానీ కాదు. బర్కోల్డేరియా మల్లై అనే బాక్టీరియా వల్ల వచ్చే గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీయగలదు. 2006లో మహారాష్ట్రలో మళ్లీ బయటపడినప్పటి నుంచి దేశంలో పలు రాష్ట్రాల్లో ఇది అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంది. గుర్రాలు సంతల నుంచి సంతలకు, పెళ్లిళ్ల కాలంలో ఊరి నుంచి ఊరికి మారుతుంటాయి కనుక ఏ ఊరివారూ నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

ఈ వ్యాధి చర్మానికి వచ్చినప్పుడు గడ్డలు ఎక్కడపడితే అక్కడ లేవవు. చర్మం కింద ఉండే లింఫ్ నాళాల (రక్తం కాక పలుచని ద్రవం పారే సన్న గొట్టాల) దారి వెంబడి, ఎక్కువగా వెనుక కాళ్ల లోపలి వైపు, దారానికి పూసలు గుచ్చినట్టు వరుసగా లేస్తాయి. తరువాత పగిలి, తేనె రంగులో జిగటగా ఉండే చీము కారుతుంది, ఆ పుండ్లు త్వరగా మానవు. కొన్నింటిలో ముక్కు నుంచి పసుపుపచ్చని జిగురు, దవడ కింద గట్టి గడ్డలు, జ్వరం, చిక్కిపోవడం కూడా ఉంటాయి. ఈ పోలికలున్న గుర్రాన్ని కడగకూడదు, గడ్డను పిండకూడదు, ఎక్కడికీ నడిపించకూడదు, అమ్మకూడదు. వెంటనే పశుసంవర్ధక శాఖ వైద్యుడికి తెలియజేయాలి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం కింద ఇది తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధి. వైద్యులు రక్తం తీసి పంపిస్తారు. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షకు దేశంలో ప్రామాణికమైనది. వ్యాధి ఖాయమైతే చికిత్స ఉండదు, గుర్రాన్ని నొప్పి లేకుండా చంపవలసి ఉంటుంది. యజమానికి ఇంతకంటే కష్టమైన మాట లేదు కానీ, దాచిపెడితే ఆ గుర్రంతో పాటు దాన్ని తోమే మనిషి ప్రాణం మీదికి కూడా వస్తుంది.

వరుసగా గడ్డలు లేచే మరో వ్యాధి, ఒక శిలీంధ్రం వల్ల వచ్చే ఎపిజూటిక్ లింఫాంజైటిస్. కంటితో చూసి ఈ రెండింటినీ విడదీయడం వైద్యులకే కష్టం. కాబట్టి వరుస గడ్డలన్నింటినీ గ్లాండర్స్ అన్న అనుమానంతోనే చూడాలి.

చూడవలసినవి, తడమవలసినవి

పై లక్షణాలు లేవని నిర్ధారించుకున్నాక గుర్రాన్ని నీడలో అరగంట నిలబెట్టి ఉష్ణోగ్రత చూడాలి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి 99 నుంచి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలే. నాడి నిమిషానికి 28 నుంచి 44, శ్వాస 8 నుంచి 16. మే నెల మధ్యాహ్నం బీచ్ నుంచి అప్పుడే వచ్చిన గుర్రానికి ఈ లెక్కలు పనికిరావు. అందుకే ఆ అరగంట విశ్రాంతి. గడ్డలతో పాటు 102 దాటిన జ్వరం ఉంటే ఇంటి వైద్యం ఆపి వైద్యుడిని పిలవాలి.

తరువాత గుర్రం ఎడమ భుజం దగ్గర మొదలుపెట్టి మెడ, మూపు, వీపు, పొట్ట, తొడలు, తోక కింద, కాళ్లు అన్నీ చేతితో నిమురుతూ వెళ్లి కుడి వైపు కూడా అలాగే చూడాలి. ప్రతి గడ్డ దగ్గరా ఆగి ఐదు విషయాలు గమనించాలి. వేలితో నొక్కితే గుంట పడుతోందా, రాయిలా గట్టిగా ఉందా? ముట్టుకుంటే గుర్రం ముడుచుకుంటోందా? గడ్డ మీద వెంట్రుకలు నిలిచి ఉన్నాయా, విరిగాయా, ఊడాయా? గుర్రం దాన్ని గోడకు రుద్దుకుంటోందా? అదే లాయంలో మరో గుర్రానికి గానీ, దాన్ని తోమే మనిషి చేతులకు గానీ అలాంటివి ఉన్నాయా? అన్నిటికంటే విలువైన ఆరో ప్రశ్న, ఇది ఎప్పటి నుంచి ఉంది అన్నది. గుర్రాన్ని రోజూ తోమే మనిషికి దీనికి జవాబు తెలుస్తుంది. యజమాని తనకే తెలుసనుకోకుండా అతన్ని అడగడం మంచిది.

గడ్డ పక్కన ఒక రూపాయి నాణెం పట్టుకుని ఫోనులో ఫోటో తీస్తే పరిమాణం తెలుస్తుంది. వారం తరువాత మళ్లీ అలాగే తీసి పోల్చవచ్చు. ‘కొంచెం పెరిగినట్టుంది’ అనే మాట కంటే వైద్యుడికి ఈ రెండు ఫోటోలే ఎక్కువ ఉపయోగపడతాయి.

గంటల్లో లేచిన గడ్డలు

రాత్రి బాగానే ఉన్న గుర్రానికి పొద్దున్నే మెడ, పక్కలు, వీపు అంతటా మెత్తని, చదునైన ఉబ్బులు కనిపించి, నొక్కితే గుంట పడుతూ, వెంట్రుకలు చెదరకుండా ఉంటే అవి చాలావరకు దద్దుర్లు. పురుగు కాటు, కొత్త దాణా, బూజు పట్టిన గడ్డి లేదా ఉలవలు, ఇంజెక్షన్, టీకా, ఒంటికి కొత్తగా రాసిన మందు వీటికి మామూలు కారణాలు. వానాకాలంలో గోనెల్లో నిల్వ ఉన్న దాణాకు బూజు త్వరగా పడుతుంది కనుక ముందుగా అక్కడే వెతకాలి. కొత్తగా మొదలుపెట్టినదాన్ని ఆపి, ఒంటి మీద చల్లని నీళ్లు పోసి, జీను వేయకుండా నీడలో ఉంచితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి. మూతి, కనురెప్పలు వాచి, ఊపిరి కష్టంగా తీస్తుంటే మాత్రం అది అత్యవసరం, నిమిషాలు లెక్కలోకి వస్తాయి. దద్దుర్లు పదేపదే వస్తుంటే తిండి, మందులు, పడక అన్నిటినీ తేదీలతో పుస్తకంలో రాసుకోవడం తప్ప కారణం పట్టుకోవడానికి దగ్గరి దారి లేదు.

వేసవి ఎండలో మెడ, భుజాల మీద చిన్న గడ్డలు హఠాత్తుగా లేచి, రక్తం చెమటలా కారి, చల్లబడగానే ఆగిపోతే అది పారాఫైలేరియా అనే పురుగు పని. చూసేవారిని భయపెడుతుంది గానీ ప్రాణానికి ముప్పు కాదు. ఈగలు వాలకుండా కాపాడుతూ వైద్యుడికి చూపించాలి.

రోజుల్లో, వారాల్లో పాకేవి

జూలు మొదట్లో, తోక మొదట్లో సన్నని పొక్కులు లేచి, గుర్రం రక్తం వచ్చేలా రుద్దుకుంటే కులికాయిడిస్ అనే, దోమలా కుట్టే అతి చిన్న పురుగుల లాలాజలం దాని ఒంటికి పడటం లేదని అర్థం. ఇవి బురదలో, తడి పేడలో పెరుగుతాయి, సాయంత్రం చీకటిపడే వేళ, తెల్లవారుజామున ఎక్కువగా కుడతాయి. గెడ్డల (వాగుల) పక్కన, మురుగు నిలిచే చోట కట్టిన లాయాల్లో ఈ బాధ ఎక్కువ. మంచి సంగతి ఏమిటంటే ఇవి బలంగా ఎగరలేవు. లాయంలో ఒక పెద్ద ఫ్యాను తిప్పితే అవి గుర్రం మీద నిలవలేవు. ఖరీదైన లేపనాల కంటే ఇది బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం. పొద్దుగూకక ముందే గుర్రాన్ని లోపల కట్టి, సన్న వల తెరలు వేసి, గుర్రాలకు తగిన పర్‌మెత్రిన్ మందును సీసా మీద రాసిన పాళ్లలో వాడవచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ మందు తడి ఆరేవరకు దాన్ని దూరంగా ఉంచాలి, పర్‌మెత్రిన్ పిల్లులకు విషం.

వానలో తడిసిన గుర్రం వీపు, పిరుదుల మీద చిన్న గడ్డలు లేచి, వెంట్రుకలు కుచ్చుల్లా అతుక్కుని, పెచ్చు లాగితే వెంట్రుకలతో సహా ఊడివచ్చి కింద చీము కనిపిస్తే అది డెర్మటోఫైలస్ బాక్టీరియా తెచ్చే వాన పుండు. నానని చర్మం మీద ఇది నిలవదు, కాబట్టి పొడిగా ఉంచడమే సగం మందు. ఎండిన పెచ్చులను బలవంతంగా పీకితే గుర్రానికి నొప్పి, చర్మానికి గాయం. ముందు కడిగి నానబెట్టాలి, ఆ పద్ధతి కింద చెప్పాను. జీను కింద నొప్పిగా ఉండే చిన్న పొక్కులు వస్తే చెమట, రాపిడి వల్ల వెంట్రుక మూలాలకు చీము పట్టిందని గ్రహించి, అవి మానేవరకు జీను మానేయాలి. సముద్రంలో దింపిన గుర్రాన్ని మంచినీళ్లతో కడగకుండా జీను బిగిస్తే ఆరిన ఉప్పు గరుకు కాగితంలా రాపాడుతుంది, బీచ్ గుర్రాల వీపు పుండ్లకు ఇదొక ముఖ్య కారణం.

తామర మొదట్లో దద్దుర్లలాగే ఉబ్బుగా కనిపించి మోసం చేస్తుంది. కొద్ది రోజులకు గుండ్రని మచ్చలై, వెంట్రుకలు విరిగి, బూడిద రంగు పొట్టు రాలుతుంది. తంగు (పొట్ట కింద బిగించే పట్టీ) తగిలే చోట, ముఖం మీద ఎక్కువగా వస్తుంది. అంటుకున్న ఒకటి నుంచి నాలుగు వారాలకు బయటపడుతుంది కనుక ఒక గుర్రంలో కనిపించేసరికే మరో గుర్రానికి అంటి ఉండవచ్చు. మనుషులకూ, ముఖ్యంగా సవారీ ఎక్కే పిల్లలకు అంటుతుంది. తామర ఉన్న గుర్రాన్ని బీచ్‌కు తీసుకెళ్లకపోవడం వల్ల ఆదాయం పోతుందన్నది నిజమే, కానీ మరో మార్గం లేదు. చాలా గుర్రాల్లో ఇది కొన్ని నెలల్లో తనంతట తానే మానుతుంది. చికిత్స వల్ల ఆ కాలం తగ్గుతుంది, ఇతరులకు అంటడం ఆగుతుంది. మైకోనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు ఒళ్లంతా కడగాలి. మచ్చలు మాత్రమే కడిగితే ప్రయోజనం తక్కువ.

వానాకాలపు మానని పుండు

గుర్రాలు తోమేవారు బర్సాతీ అని పిలిచే ఈ వ్యాధి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తీరంలో అత్యంత తరచుగా తప్పు వైద్యం పొందేది ఇదే. గుర్రం కడుపులో హబ్రోనీమా అనే పురుగులు ఉంటాయి. వాటి పిల్లలు పేడలో బయటికి వచ్చి, ఆ పేడలో పెరిగే ఈగ పురుగుల్లోకి చేరి, ఈగలతో పాటు పెరుగుతాయి. ఆ ఈగ గుర్రం పెదవుల మీద వాలితే పురుగు నోట్లోకి, అక్కడి నుంచి కడుపులోకి వెళ్లి తన చక్రం పూర్తి చేసుకుంటుంది. గాయం మీద, కంటి లోపలి మూల దగ్గర, లింగపు తొడుగు మీద వాలితే ఆ పిల్ల పురుగులు అక్కడే చిక్కుకుంటాయి, చర్మం వాటి మీద తిరగబడుతుంది. చిన్న గీత లాంటి గాయం వారాల్లో ఎర్రని, ఉబ్బిన, మానని పుండుగా మారుతుంది. అందులో బియ్యపు నూక లాంటి పసుపుపచ్చని గట్టి పలుకులు కనిపించడం దీని గుర్తు. చలికాలం రాగానే తగ్గి, మళ్లీ వేసవి, వానల్లో తిరగబెడుతుంది.

దీనికి పైపై లేపనం మాత్రమే రాసేవారు ఏడాదికేడాది అదే పుండుతో పోరాడుతూ ఉంటారు. చికిత్స నాలుగు వైపుల నుంచి ఒకేసారి జరగాలి: పురుగును చంపే మందు నోటి ద్వారా, చర్మపు వాపును తగ్గించే మందు వైద్యుడి చేతి మీదుగా, పలుకులను శుభ్రం చేసి ఈగ వాలకుండా కట్టు, లాయంలో పేడ తొలగింపు. నోటి ద్వారా ఇచ్చే ఐవర్‌మెక్టిన్ పేస్టు మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు. బరువు కంటి అంచనాతో చెప్పకూడదు. మూపు వెనుక నుంచి ఛాతీ చుట్టుకొలతను, భుజపు ముందు ఎముక నుంచి పిరుదు ఎముక వరకు పొడవును సెంటీమీటర్లలో టేపుతో కొలిచి, చుట్టుకొలతను చుట్టుకొలతతో, వచ్చినదాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 140 ఉన్న గుర్రం సుమారు 300 కిలోలు తూగుతుంది, దానికి 60 మిల్లీగ్రాములు. రెండో మోతాదు ఎప్పుడు ఇవ్వాలన్నది వైద్యుడు పుండు చూసి చెబుతాడు.

మానని పుండు ప్రతిదీ బర్సాతీ కాదు. సార్కాయిడ్ అనే కణితి కూడా అచ్చం ఇలాగే పచ్చి మాంసంలా కనిపించగలదు, అది చలికాలంలోనూ తగ్గదు.

నెలల తరబడి కదలనివి

సార్కాయిడ్ గుర్రాల్లో అత్యంత సాధారణమైన చర్మపు కణితి. పశువుల్లో పులిపిర్లు తెచ్చే వైరస్‌తో దీనికి సంబంధం ఉంది. వెంట్రుకలు లేని చదునైన మచ్చగా, గరుకు పులిపిరిలా, చర్మం కింద గుండ్రని గడ్డలా, పచ్చి పుండులా ఎన్నో రూపాల్లో వస్తుంది. దారం బిగించడం, బ్లేడుతో కోయడం, ఆసిడ్ రాయడం వంటివి చేస్తే రెచ్చిపోయి పెద్దదవుతుంది. పరీక్ష కోసం చిన్న ముక్క తీసినా రెచ్చిపోవచ్చు కనుక, తీస్తే ఏం చేయాలో వైద్యుడు ముందే ఆలోచించుకుని తీస్తాడు.

మూడేళ్ల లోపు గుర్రం మూతి చుట్టూ గుంపుగా వచ్చే బూడిద రంగు పులిపిర్లను మాత్రం కదపకుండా వదిలేస్తే కొన్ని నెలల్లో రాలిపోతాయి.

మూపు, వీపు మీద నొప్పి లేకుండా, వెంట్రుకలు చెక్కుచెదరకుండా, గోళీలా గట్టిగా ఉండేవి తరచుగా ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమాలు. జీను తగలని చోట ఉంటే వాటిని ఊరకే వదిలేయవచ్చు. జీను కింద ఉంటే వైద్యుడు గడ్డలోకే మందు ఎక్కిస్తాడు లేదా కోసి తీస్తాడు.

పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు ఇచ్చేవారు మెలనోమా (చర్మానికి నలుపు రంగునిచ్చే కణాల్లో పుట్టే కణితి) గురించి తప్పక తెలుసుకోవాలి. మనం తెల్ల గుర్రాలనుకునేవాటిలో చాలావరకు ముదురు రంగుతో పుట్టి వయసుతో తెల్లబడినవే, వాటి చర్మం నల్లగానే ఉంటుంది. ఇలాంటి గుర్రాల్లో 15 ఏళ్లు దాటినవాటిలో 80 శాతం వరకు మెలనోమా గడ్డలు ఉంటాయని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. తోక కింద, మలద్వారం చుట్టూ, చెవి కింద నల్లని, గట్టి, గుండ్రని గడ్డలుగా వస్తాయి. ఎక్కువ వాటిలో ఏళ్ల తరబడి నెమ్మదిగానే పెరుగుతాయి గానీ పేడ వేయడానికి అడ్డం వచ్చేదాకా ఆగకూడదు. చిన్నప్పుడే తీయించడం సులభం. తెల్ల గుర్రం కొనేటప్పుడు తోక ఎత్తి చూడని బేరం బేరమే కాదు.

కడగడం, మందు పెట్టడం

వాన పుండుకు, చీము పొక్కులకు, తామరకు కడిగే పద్ధతి ఒక్కటే. ముందు మంచినీళ్లతో తడిపి, 2 నుంచి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూను (తామరకైతే పైన చెప్పినట్టు మైకోనజోల్ కూడా కలిసినదాన్ని) మెత్తగా రుద్ది, నురుగు పది నిమిషాలు ఒంటి మీద ఉండనివ్వాలి. చాలామంది తొందరలో రెండు నిమిషాలకే కడిగేస్తారు, అప్పుడు మందుకు పనిచేసే వ్యవధే ఉండదు. నానిన పెచ్చులు వేళ్లకు సులువుగా వచ్చినంత వరకే తీసి, వాటిని నేల మీద పడేయకుండా ఏరి కాల్చేయాలి. బాగా కడిగి, పొడి తువ్వాలుతో అద్ది, గాలి ఆడే నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి చర్మం మీద జిడ్డు లేపనం రాస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. వేపనూనె అయినా, మరేదైనా వాన పుండు మీద ఈ కారణంగానే పనికిరాదు. కాలిన ఇంజన్ ఆయిలు, కిరోసిన్ రాయడం ఏ గడ్డకూ మందు కాదు, చర్మాన్ని కాలుస్తుంది.

పిడుదులకు ఆవులకూ కుక్కలకూ వాడే అమిట్రాజ్ ద్రావణాన్ని గుర్రానికి ఎన్నడూ వాడకూడదు. అది గుర్రం పేగుల కదలికను ఆపేసి ప్రాణాంతకమైన కడుపునొప్పి తెస్తుంది. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను గుర్రానికి వేయించడం కూడా మంచిది కాదు, సూది వేసిన చోట తీవ్రమైన వాపు, ఇన్ఫెక్షన్ రావచ్చు. స్టెరాయిడ్‌ను సొంతంగా వాడితే గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం శాశ్వతంగా కుంటిదయ్యే ప్రమాదం ఉంది.

లాయం, సామాను

తామర బీజాలు దువ్వెనల్లో, జీను కింద వేసే గుడ్డల్లో, కర్ర గుంజల మీద నెలల తరబడి బతుకుతాయి. ప్రతి గుర్రానికి వేరే బ్రష్షు, వేరే గుడ్డ ఉండాలి. గుడ్డలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరబెట్టాలి. గుంజలను ముందు మట్టి, పేడ లేకుండా తోమి, ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి తుడవాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే అది పనిచేయదు. పేడను రోజూ ఎత్తి, లాయానికి దూరంగా కప్పి ఉంచాలి. మన వేడిలో ఈగ గుడ్డు నుంచి ఈగ కావడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి వారానికోసారి ఎత్తడమంటే ఈగలను పెంచడమే.

వైద్యుడిని పిలిచేటప్పుడు

జ్వరం, ఊపిరి కష్టం, వరుస గడ్డలు, కంటి దగ్గర పుండు, రెండు వారాల చికిత్సకు తగ్గని గడ్డ, వేగంగా పెరిగే కణితి, వీటిలో ఏది కనిపించినా వైద్యుడు చూడవలసిందే. రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయవచ్చు. పక్క జిల్లా విజయనగరంలోని గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. వైద్యుడు వచ్చేముందు రోజు నుంచి గడ్డను కడగకుండా, మందు రాయకుండా వదిలేయాలి, లేకపోతే నమూనాలో ఏమీ దొరకదు. తామర అనుమానమైతే మచ్చ నడిమి నుంచి కాక అంచు నుంచి వెంట్రుకలు పీకి తీస్తారు. వాటిని మీరే ప్రయోగశాలకు అందించవలసి వస్తే ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు కవరులో పెట్టి, గుర్రం పేరు, మచ్చ ఉన్న చోటు, తేదీ రాసి పంపాలి. ప్లాస్టిక్‌లో తేమ చేరి వేరే సూక్ష్మజీవులు పెరుగుతాయి. తామర కల్చర్ (నమూనాలోని శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్ష) ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అంతవరకు ఆ గుర్రాన్ని విడిగానే ఉంచి, తోమేటప్పుడు దాన్ని చివరన తోమాలి.